మూడో పిన్ను

మంగళవారం పదకొండు గంటలకు ట్రాలీ ఆటో ఒకటి నరసరావుపేట బరంపేట సందులోకి వెనక్కి వచ్చింది. దాని మీద తాళ్ళతో కట్టిన వీడియో గేమ్ మిషన్ ఉంది. ఇద్దరు మనుషులు దాన్ని దించి వసీం ఇంటి వసారాలో గోడ పక్కన నిలబెట్టారు. ఆరడుగుల ప్లైవుడ్ పెట్టె. అడుగు భాగం చెదలు తినేసింది. తెర కింద రెండు స్టిక్కులు, పన్నెండు బటన్లు ఉండాలి. నాలుగు బటన్లు లేవు. మోకాలి ఎత్తులో రూపాయి వేసే ఇనప పలక ఉంది.

వసీం పలక ముందు గొంతుక్కూర్చుని పెయింటును గోటితో గీకాడు. ఆకుపచ్చ కింద నీలం వచ్చింది. ఆ నీలం తను వేసిందే.

"ఇది నకరికల్లుదే," అన్నాడు.

"అవునన్నా, నాన్న కొట్లోదే," అన్నాడు నాగార్జున. అతను బుల్లెట్ మీద ఆటో వెనకే వచ్చాడు. "ఇన్నాళ్ళూ మా గొడ్లచావిట్లో పడుంది. అప్పట్లో దీన్ని మీరే చూసేవాళ్ళంటగా. అందుకే మీకే తెచ్చా."

సత్తెనపల్లి రోడ్డులో అతను హోటల్ కడుతున్నాడు. ముందు గదిలో పాత స్కూటర్, పాత ఎస్టీడీ బూత్ పెట్టించాడు. వాటి పక్కన ఇది పెట్టాలి.

"ఆదివారం ఓపెనింగు. రూపాయి వేస్తే ఆట రావాలన్నా, అప్పట్లోలాగా. ఎల్‌ఈడీ తెర పెడతామంటన్నారు హైదరాబాద్ వాళ్ళు. నాకొద్దు. ఆ గాజు తెరే కావాలి."

"ట్యూబు బతికుంటే అదే పెడతా."

నాగార్జున వెళ్ళాక వసీం భార్య సాబిరా వంటింట్లో నుంచి వచ్చి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇది ఆ పిల్లాడు చచ్చిపోయిన డబ్బా కదూ."

"ఊఁ."

"దీన్ని ఇంట్లో పెట్టుకున్నావా?"

"వసారాలోగా."

"వసారా ఇల్లు కాదా?"

"ఆ పిల్లాడు రూపాయి వెయ్యకుండా తీగ దూర్చి ఆడబోయాడు. మిషనేం చేస్తుంది," అన్నాడు వసీం. ఈ మాట అతను తొంభై ఎనిమిది నుంచి అంటున్నాడు.

మధ్యాహ్నం వెనక తలుపు స్క్రూలు విప్పాడు. రెండు కదల్లేదు. వాటికి కిరసనాయిలు రాసి వదిలేసి మిగతావి తీశాడు. లోపల ఎలుక గూడు ఉంది. గూడులో వరిగడ్డి, పరీక్ష పేపరు ముక్కలు, సగం కొరికిన వైరు. స్పీకరు అట్ట పోయింది. పిక్చర్ ట్యూబు మెడ విరగలేదు. అతను స్క్రూడ్రైవర్‌కి వైరు చుట్టి, రెండో కొస చట్రానికి తగిలించి, ట్యూబు మీది రబ్బరు టోపీ కిందికి మొన పోనిచ్చాడు. ఇన్నేళ్ళ తర్వాత అందులో కరెంటు మిగలదని తెలుసు. అయినా అలా చెయ్యకుండా అతను ఏ ట్యూబునూ ముట్టుకోడు.

ఇప్పుడు అతని దగ్గరకు ట్యూబులు రావు. మిక్సీలు వస్తాయి, ఇండక్షన్ పొయ్యిలు వస్తాయి. ఎల్‌ఈడీ టీవీ వస్తే బోర్డు మార్చి పంపిస్తాడు. ఆ సాయంత్రం బోర్డు మీద ఉబ్బిన కండెన్సర్లు పదకొండు లెక్కపెట్టి ఒక్కొక్కటే పీకాడు. సాబిరా టీ పెట్టి రెండుసార్లు పిలిచింది.

బుధవారం కొత్త కండెన్సర్లు వేశాడు. సీరీస్ బల్బు పెట్టి పవర్ సప్లై ఆన్ చేశాడు. బల్బు ఒకసారి వెలిగి తగ్గింది. షార్టు లేదు. పెట్రోలులో ముంచిన టూత్‌బ్రష్‌తో గేమ్ బోర్డు పళ్ళు తోమాడు. తర్వాత రూపాయి పలకకు వచ్చాడు.

పలక వెనక ఉన్నది చిన్న ఏర్పాటు. రూపాయి సందులోంచి పడి, రేకు గాడిలో జారి, వెంట్రుకంత సన్నటి మీట మీద పడుతుంది. మీట వంగితే స్విచ్ నొక్కుకుంటుంది. స్విచ్ నుంచి రెండు వైర్లు బోర్డుకు పోతాయి. వసీం గాడి శుభ్రం చేసి, స్విచ్ పనిచేస్తుందో లేదో చూద్దామని దాని రెండు వైర్ల మీద మీటరు పెట్టాడు.

ఐదు వోల్టులు.

మళ్ళీ పెట్టాడు. ఐదే.

టార్చిలైటులో రెండు బ్యాటరీలకు మూడు వోల్టులు ఉంటాయి. ఆ సందులో ఎంత పొడుగు తీగ దూర్చినా తగిలేది ఈ ఐదు మాత్రమే. పక్కన రేకు, దాని వెనక ప్లైవుడ్, ఇంకేం లేదు. ఇది అతనికి ఇరవై నాలుగేళ్ళప్పుడూ తెలుసు. పిల్లాడు పోయిన రోజు ఎస్సై అడిగింది ఒకటే: మిషన్‌లో లోపం ఉందా? లేదన్నాడు. తీగ వల్ల మనిషి చస్తాడా అని ఎస్సై అడగలేదు, తనూ చెప్పలేదు. కొట్టు ముందు జనం ఉన్నారు. త్వరగా ఇంటికి పోవాలనిపించింది. అంతవరకే గుర్తుంది.

మీటరు పక్కన పెట్టి వసారా మెట్టు మీద కూర్చున్నాడు.

"అయిపోయిందా?" అని సాబిరా అడిగింది.

"లేదు."

గురువారం ఉదయం మిషన్ ఆన్ చేసి టెస్టర్ మొన పలకకు ఆనించాడు. వెలగలేదు. పక్క రేకుకు, స్టిక్కుకు, స్క్రూలకు ఆనించాడు. ఎక్కడా వెలగలేదు. తెర మీద బొమ్మ వచ్చింది, అడ్డంగా వణికి నిలబడింది. రంగులు ఉన్నాయి. మామూలుగా అయితే సాబిరాను పిలిచి చూపించేవాడు.

పవర్ వైరు పైతొక్క పగిలింది. దాన్ని మార్చాలి. ప్లగ్గు స్విచ్ బోర్డులోంచి పీకి నడిమి స్క్రూ విప్పాడు. మూత ఊడింది.

లోపల మూడు పిన్నులు. మూడోది ఎర్త్, మిగతా రెంటికన్నా లావు. పలక నుంచి వచ్చిన ఆకుపచ్చ వైరు దానికి బిగించి ఉంది. ఆ పిన్ను నుంచి రెండంగుళాల నల్ల వైరు ముక్క ఒకటి, కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ పిన్నుకు కలిపి ఉంది. అతుకు మీద టేపు లేదు. సైకిల్ ట్యూబు కోసిన పేలిక చుట్టి, కొస లోపలికి దోపి ఉంది.

అప్పట్లో టేపు కొనకుండా సైకిల్ ట్యూబు చుట్టేది తనే. కొస లోపలికి దోపడం అతనికి ఉస్తాద్ నేర్పాడు.

ఆ రెండంగుళాలు ఎందుకు వేశాడో కూడా గుర్తొచ్చింది. పలక ముట్టుకుంటే జివ్వుమంటోంది, పిల్లలు రావట్లేదని నాగార్జున నాన్న హనుమంతరావు కబురు పెట్టాడు. కొట్టుకు ఎర్త్ లేదు. గుంత తవ్వి ఉప్పు, బొగ్గు వేసి ఎర్త్ పెట్టాలన్నాడు వసీం. గుంత ఎవడు తవ్వుతాడు, ఏదో ఒకటి చెయ్యమన్నాడు హనుమంతరావు. ఏదో ఒకటి అంటే ఇదే. నరసరావుపేటలో మెకానిక్కులంతా చేసేదీ ఇదే. జివ్వుమనడం ఆగింది. పిల్లలు వచ్చారు.

వసీం ప్లగ్గు మళ్ళీ బిగించాడు. ఎక్స్‌టెన్షన్ బోర్డు విప్పి దానికి వచ్చే రెండు వైర్లను, న్యూట్రల్ చోటికి ఫేజు వచ్చేలా, అటుదిటు మార్చాడు. సాబిరాను లోపలే ఉండమని చెప్పి, రబ్బరు చెప్పులు వేసుకుని స్విచ్ వేశాడు. ఆట ఎప్పటిలాగే వచ్చింది. తెర, పాట, రంగులు, ఏదీ మారలేదు. టెస్టర్ పలకకు ఆనించాడు.

టెస్టర్ వెలిగింది.

పిల్లాడు చచ్చిపోయిన రోజుకు ముందు సాయంత్రం నకరికల్లులో గాలివాన వచ్చింది. స్తంభం నుంచి కొట్టుకు వచ్చే సర్వీసు వైరు తెగింది. పొద్దున్నే ఎవరో ఎక్కి కట్టారు. రెండు వైర్లు అటుదిటు పడినా ఫ్యాను తిరుగుతుంది, బల్బు వెలుగుతుంది, ఎవరికీ తెలియదు. పదిగంటలకు పిల్లాడు వచ్చాడు. కొట్లో నేల తడిగా ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు.

వసీం స్విచ్ ఆపాడు. ఇలాంటి ముక్కలు ఎన్ని ఇళ్ళలో వేశాడో, ఎన్ని ఫ్రిజ్‌లకు, ఎన్ని తడి గ్రైండర్లకు వేశాడో లెక్క పెట్టబోయి ఆపేశాడు.

సాబిరా గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకు ప్లగ్గు చూపించి ఒక్కసారి చెప్పాడు. ఆమె విని, "పిల్లాడి పేరేంది?" అంది.

"బెంజిమిన్."

"ఇన్నాళ్ళూ నువ్వు పేరుతో అనగా నేను వినలా," అంది సాబిరా.

శుక్రవారం నమాజు అయ్యాక హనుమంతరావు కారులో వచ్చాడు. డెబ్భై దాటాయి. కర్ర పట్టుకుని మెట్లెక్కాడు.

"ఏందిరా వసీం, ఆడుతోందంట. మావాడు ఎగురుతున్నాడు."

"ఆడుతోంది. మీకొకటి చూపించాలి, కూర్చోండి."

ప్లగ్గు విప్పి చూపించాడు. హనుమంతరావు కళ్ళజోడు పెట్టుకోలేదు.

"నాకు కరెంటు సంగతి తెలవదు. నోటితో చెప్పు."

"ఆ పిల్లాడు తీగ వల్ల చావలేదు. తీగ పెట్టినా చావడు. పలక ముట్టుకున్నందుకు చచ్చిపోయాడు. నేను కలిపిన ఈ ముక్క వల్ల పలకకు కరెంటు వచ్చింది."

హనుమంతరావు కర్రను మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "ఎవరికన్నా చెప్పావా?"

"సాబిరాకి."

"ఇంకెవరికీ చెప్పమాక."

"మరి ఆ తీగ ఎక్కడిదండీ? పలక కింద పడుందని మీరే ఎస్సైకి చూపించారు."

"కొట్లో తీగలకు కరువా?" హనుమంతరావు బయట సందు వైపు చూశాడు. "నేను అది కింద పెట్టేప్పుడు నువ్వు మిషన్ వెనకాల స్క్రూలు బిగిస్తన్నావు. చూశావనే అనుకున్నా ఇన్నాళ్ళూ."

"చూడలేదు."

"సరే. చూడలా."

సాబిరా మంచినీళ్ళు తెచ్చింది. ఆయన తాగి గ్లాసు మెట్టు మీద పెట్టాడు.

"వాళ్ళ నాన్న రాజారత్నం కాగితం మీద వేలిముద్ర వేశాడు. మావాడిదే తప్పు, కొట్టు వాళ్ళది కాదని. వాడూ పోయి పదేళ్ళయింది. ఇప్పుడు తవ్వితే ఎవరికి రా లాభం? తవ్వితే ముందు దొరికేది నువ్వు. ముక్క కలిపింది నేను కాదు."

"అవునండీ. నేనే."

హనుమంతరావు లేచి, రెయిలింగ్ పట్టుకుని దిగాడు.

శనివారం పొద్దున్నే నాగార్జున ఫోన్ చేశాడు. "అన్నా, నాన్న చెప్పాడు. మీరిక వదిలెయ్యండి. మిగతాది వేరేవాళ్ళు చూసుకుంటారు. బండి వస్తోంది."

బండి వచ్చేలోగా వసీం పాత వైరు కోసేసి కొత్త మూడు కోర్ల వైరు వేశాడు. కొత్త ప్లగ్గు బిగించాడు. ఆకుపచ్చ వైరును మూడో పిన్నుకు తప్ప దేనికీ కలపలేదు. తాళ్ళు కడుతున్న డ్రైవర్‌తో, "ఎర్త్ ఉన్న చోటే పెట్టమను," అన్నాడు.

"నాకేం తెలుసు భాయ్. దించమంటే దించుతా."

పదింటికి వసీం పాత ప్లగ్గు చొక్కా జేబులో వేసుకుని నకరికల్లు వెళ్ళాడు. కాలనీలో అడిగితే బెంజిమిన్ వాళ్ళమ్మ కరుణమ్మ కల్లంలో ఉందన్నారు. ఊరి బయట టార్పాలిన్ నీడలో పదిమంది ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని మిరపకాయల రాశి చుట్టూ కూర్చుని తాలు ఏరుతున్నారు. ఎర్రవి ఒక పక్క, తెల్లబారినవి ఒక పక్క. ఘాటుకు వసీం దగ్గాడు.

"కరుణమ్మ గారు ఎవరండీ?"

ఒకామె నవ్వింది. "కరుణమ్మత్తా, నిన్ను గారంటన్నాడు. ఎవరో చూడు, పింఛను ఆఫీసరేమో."

అరవై దాటిన మనిషి లేచి వచ్చింది. రెండు గుప్పిళ్ళ నిండా తాలుకాయలు ఉన్నాయి.

"ఎవరయ్యా?"

"నరసరావుపేట నుంచి వచ్చానమ్మా. వసీం. టీవీ మెకానిక్కుని."

"మా టీవీ బాగానే ఉందిగా," అంది నవ్వుతూ.

"హనుమంతరావు గారి కొట్లో మిషన్ నేనే చూసేవాణ్ణి."

ఆమె నవ్వు ఆగింది. టార్పాలిన్ దాటి ఎండలోకి నడిచింది. వసీం వెనకే వెళ్ళి జేబులోంచి ప్లగ్గు తీశాడు.

"అది చూపించమాక. నాకేం అర్థమవుతుంది. మాటల్లో చెప్పు సాయిబూ."

అతను చెప్పాడు. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు నాలుగు ముక్కలయ్యాయి. వాడు తీగ పెట్టలేదు. పలకకు కరెంటు వచ్చింది. నేను కలిపిన వైరు వల్ల వచ్చింది. ఆ రోజు నేను మిషన్‌లో లోపం లేదన్నాను.

"రూపాయి వేశాడా?"

"నాకు తెలియదమ్మా."

"చానా సేపు పట్టిందా?"

"లేదు. అట్టాంటిదానికి సేపు పట్టదు."

"నా కోసం అంటన్నావా, నిజమేనా?"

"నిజమే."

ఆమె గుప్పిళ్ళు ఇంకా విప్పలేదు. "ఇది ఎవరికన్నా చెప్పావా?"

"హనుమంతరావు గారికి."

"తీగ దొరికిందని చెప్పింది ఆయనే. ఆయనకు తెలుసుగా," అంది కరుణమ్మ.

"అమ్మా, నన్ను..."

"ఆ మాట ఇప్పుడు కాదు. ఇది ఇంకోళ్ళ ముందు చెబుతావా?"

"చెబుతా. మీ చర్చి గుళ్ళో చెప్పమన్నా చెబుతా."

"గుళ్ళో వద్దు. గుళ్ళో చెబితే అందరూ కలిసి ప్రార్థన చేసి వదిలేస్తారు. తీగ పెట్టాడన్న మాట అప్పుడు ఇంటింటికీ పోయింది. ఇదీ అట్టాగే పోవాలి. రేపు రా. ప్రార్థన అయ్యాక అందరూ ఇళ్ళకాడే ఉంటారు."

ఆమె తిరిగి వెళ్ళి తాలు కుప్ప మీద గుప్పిళ్ళు విప్పి, తన చోట కూర్చుంది. ఎవరని పక్కామె అడిగింది. కరుణమ్మ ఏం చెప్పిందో వసీంకు వినపడలేదు.

ఆదివారం సాబిరా పదకొండింటికే కంచం పెట్టింది.

"తిని పో. అక్కడ ఎవరూ పెట్టరు."

"కొడితే?"

"కొడితే వచ్చి చెప్పు," అంది.

కరుణమ్మ కాలనీ మొదట్లో నిలబడి ఉంది. ప్రార్థనకు కట్టుకున్న తెల్లచీర ఇంకా మార్చలేదు. అతన్ని చూసి తల ఊపి ముందు నడిచింది, పెళ్ళి పిలుపులకు వెళ్ళినట్టు వరసలో మొదటి ఇంటికి.

మొదటిది మరియదాసు ఇల్లు. ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు. కరుణమ్మ, "మరియదాసు బావా, ఈ సాయిబు ఒక మాట చెబుతాడు, లేచి విను," అంది.

"హనుమంతరావు గారి కొట్లో చనిపోయిన పిల్లాడు..." అని వసీం మొదలుపెట్టాడు.

"పిల్లాడు కాదు. పేరు చెప్పు."

"బెంజిమిన్ తీగ పెట్టలేదు. మిషన్‌కు వైరు నేను తప్పుగా కలిపాను. దాని వల్ల చనిపోయాడు. ఆ రోజు నేను లోపం లేదని చెప్పాను."

మరియదాసు ఇద్దరినీ చూశాడు. "అయ్యో," అన్నాడు. తర్వాత, "కూర్చో సాయిబూ, టీ తాగు," అన్నాడు.

"టీలు తాగను రాలా," అంది కరుణమ్మ.

రెండో ఇంట్లో ఆ ఇంటి కోడలు ప్రత్యూష బట్టలు ఆరేస్తోంది. మొత్తం విని, "బెంజిమిన్ ఎవరు?" అంది.

"నా కొడుకు."

"నీకు కొడుకున్నాడా పెద్దమ్మా?" ఆ పిల్ల ఆ వీధికి వచ్చి తొమ్మిదేళ్ళయింది.

మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. ఒకచోట టీవీ ఆపకుండానే విన్నారు. ఒకచోట పెద్దావిడకు చెవులు వినపడవు. కరుణమ్మ ఆమె చెవి దగ్గర నోరు పెట్టి వసీం మాటలన్నీ తిరిగి చెప్పింది. ఐదో ఇంట్లో ఒకామె, "ఎప్పుడో అయిపోయిందిగా అక్కా," అంది. వసీం మొత్తం చెప్పేదాకా కరుణమ్మ గుమ్మం ముందు నుంచి కదల్లేదు.

ఆరో ఇంట్లో జయపాల్ ఉన్నాడు. లారీ డ్రైవరు, నలభైకి దగ్గర. బెంజిమిన్‌తో ఏడో తరగతి చదివాడు. సగం వినగానే లేచి వసీం చొక్కా పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ యాడున్నావురా? దొంగోడితో తిరిగావని మా అమ్మ నన్ను స్తంభానికి కట్టేసి కొట్టింది. ఆ రోజు నుంచి వాడి పేరు నేను నోటితో అనలా, తెలుసా నీకు?"

వసీం చేతులు ఎత్తలేదు. పై బొత్తాం తెగి కింద పడింది.

"వదులు రా జయపాలూ," అంది కరుణమ్మ. "ఇంకా పద్నాలుగిళ్ళున్నాయి. ఇప్పుడే కొడితే చెప్పేదెవరు?"

జయపాల్ వదిలాడు. కాసేపటికి ఏడో ఇంటి ముందు వాళ్ళ వెనక అతనూ నిలబడి ఉన్నాడు. తర్వాత ప్రత్యూష వచ్చింది. పన్నెండో ఇంటికి వచ్చేసరికి పదిమంది దాకా అయ్యారు. వసీం మాటల్లో ఇక తడబాటు లేదు. ప్రతి గుమ్మం ముందూ అవే నాలుగు మాటలు, మొదట పేరు.

పంతొమ్మిదోది కరుణమ్మ కూతురు సలోమి ఇల్లు. ఆమె కొళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. ఎందుకొస్తున్నారో ఈపాటికి వీధంతా తెలుసు. ఆమె తల ఎత్తలేదు. అతను చెప్పడం అయిపోయాక కొళాయి కట్టేసింది.

"నాకెందుకు చెబుతావు? తమ్ముడు అట్టాంటోడు కాదని నేను ఆ రోజే అన్నా. ఎవరు విన్నారు?"

ఆమె చూస్తున్నది వసీంను కాదు.

కరుణమ్మ కూతురి ఇంటి ముందు నుంచి కదిలింది. ఎండ వాలింది. వెనక వచ్చినవాళ్ళు సలోమి ఇంటి దగ్గరే ఆగిపోయారు.

"ఇంకెన్నమ్మా?" అన్నాడు వసీం.

"ఒకటి."

వీధి చివర రేకుల ఇల్లు. ఆమె తలుపు గొలుసు తీసి, చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళింది. అతను బయట ఆగాడు. ఆమె గడప అవతల అతని వైపు తిరిగి నిలబడింది.

"చెప్పు."

"ఇది మీ ఇల్లేగా."

"అవును." ఆమె ద్వారబంధం పట్టుకుంది. "ముందు రోజు ఇంట్లో డబ్బాలోది రూపాయి తీశాడని కొట్టా వాణ్ణి. పొద్దున ఎస్సై ఆ తీగ చూపిస్తే, చేసుంటాడులే అనుకున్నా. వాళ్ళ నాన్న వేలిముద్ర వేస్తుంటే వద్దనలా. జ్ఞాపకార్థ కూడిక పెడదామని ఆయన ఏటా అడిగేవాడు. ఏ మొహంతో పెడతామనేదాన్ని." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "ఈ ఇంట్లోనూ నమ్మారు. చెప్పు సాయిబూ."

వసీం చెప్పులు విడిచి, గడప ఇవతల నిలబడి, బెంజిమిన్ పేరుతో మొదలుపెట్టాడు.